సుందరయ్య సైకిలు

1952లో రాజ్యసభ తొలిసారి కొలువుదీరినప్పుడు మద్రాసు రాష్ట్రం నుంచి ఎన్నికైన వారిలో ముప్ఫై తొమ్మిదేళ్ళ తెలుగువాడు ఒకరున్నారు. ఆ సభలో కమ్యూనిస్టు సభ్యులకు ఆయనే నాయకుడు. ఆయన పార్లమెంటు భవనానికి సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళేవారు. తర్వాత హైదరాబాద్‌లో శాసనసభకూ అలాగే వెళ్ళారు. ఆయన పేరు పుచ్చలపల్లి సుందరయ్య.

ఆయన రాజకీయాలతో ఏకీభవించేవాళ్ళుంటారు, విభేదించేవాళ్ళుంటారు. ఆ సైకిల్‌ను మాత్రం అందరూ గుర్తు పెట్టుకున్నారు. నిరాడంబరతకు గుర్తుగా సభల్లో ఆ ముచ్చట ఇప్పటికీ చెబుతుంటారు. ఒక ఫిజీషియన్‌గా నాకు అందులో మరో సంగతి కనిపిస్తుంది. ఆయనకు వ్యాయామమూ ప్రయాణమూ వేరువేరు పనులు కావు. మనం ఆ రెండింటినీ విడదీశాం. ఆఫీసుకు బండి మీద వెళ్తాం, సాయంత్రం జిమ్‌కూ బండి మీదే వెళ్తాం, జిమ్‌లో కదలని సైకిల్ తొక్కుతాం. అదీ కుదరని వాళ్ళు అసలు కదలడమే మానేశారు.

అలగానిపాడు నుంచి

సుందరయ్య 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో పుట్టారు. భూములున్న కుటుంబం. అసలు పేరు సుందరరామిరెడ్డి. కులాన్ని సూచించే మాటను తర్వాత ఆయనే తీసేసుకున్నారు. ఆరేళ్ళ వయసులో తండ్రి పోయారు. చదువు కోసం ఊళ్ళు మారుతూ చివరికి మద్రాసు లయోలా కాలేజీలో చేరారు. 1930లో గాంధీజీ పిలుపు విని చదువు వదిలేసి శాసనోల్లంఘనలో దిగారు. పదిహేడేళ్ళకే అరెస్టయ్యారు. చిన్న వయసు కావడంతో బోర్స్టల్ స్కూల్లో పెట్టారు. బయటికొచ్చాక సొంత ఊళ్ళోనే వ్యవసాయ కూలీలను కూడగట్టడం మొదలుపెట్టారు. కమ్యూనిస్టు ఉద్యమంలోకి వెళ్ళాక తన వాటా ఆస్తినీ దానికే ఇచ్చేశారు.

ఆ ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములూ ప్రజల మధ్యే బతికారు. తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి నెల్లూరులో ప్రజావైద్యశాల నడిపి పేదల డాక్టరుగా పేరు తెచ్చుకున్నారు. అన్న ఊరూరా తిరిగారు. ఈ రోజుల్లో ఫిట్‌నెస్ కోసం ఎంత దూరం తిరిగామో ఫోన్ లెక్క చెబుతుంది. ఆ తరం కార్యకర్తలకు అటువంటి లెక్కలు లేవు. ఊరికి చేరాలంటే నడవాలి, లేదా తొక్కాలి.

కాలువ గట్లు, మొరం బాటలు

అప్పటి పల్లెలకు తారు రోడ్లు తక్కువ. కోస్తాలో గ్రావెల్ రోడ్డు, తెలంగాణలో మొరం బాట, రెండూ లేని చోట ఎడ్లబండి జాడ. డెల్టాలో అయితే కాలువ గట్టే దారి. గోదావరి మీద ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, కృష్ణ మీద బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక తవ్విన కాలువల్లో నీళ్ళతో పాటు పడవలూ నడిచాయి. పడవలను తాళ్ళతో లాగే మనుషులు నడవడానికి గట్లు చదునుగా ఉండేవి. తర్వాత ఆ గట్ల మీదే సైకిళ్ళు తిరిగాయి. సుందరయ్యను శాసనసభకు పంపిన గన్నవరం ప్రాంతం పక్కనుంచే కృష్ణా డెల్టాను గోదావరి డెల్టాతో కలిపే ఏలూరు కాలువ వెళ్తుంది. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క వరిచేలు, మధ్యలో మోటారు బండ్ల గోల లేని మట్టిదారి.

సరిగ్గా ఇలాంటి దారుల కోసం ఇవాళ ప్రపంచం నలుమూలల నుంచీ సైకిలిస్టులు ఫ్రాన్స్ పల్లెలకు వెళ్తున్నారు. అక్కడ రైళ్ళు ఆగిపోయిన పాత లైన్లను, కాలువల వెంట పడవలు లాగిన గట్లను మోటారు వాహనాలు రాని బాటలుగా మార్చారు. సుమారు 240 కిలోమీటర్ల పొడవున్న మిది కాలువ వాటిలో ప్రసిద్ధమైనది. వెడల్పు టైర్ల సైకిళ్ళతో కంకర బాటల మీద తిరగడాన్ని ఇప్పుడు గ్రావెల్ సైక్లింగ్ అంటున్నారు. మన తాతలు ఆ పని పేరు లేకుండానే చేశారు.

మట్టిదారి శరీరానికి ఏం చేస్తుంది? తారు రోడ్డు మీద కంటే చక్రం బరువుగా దొర్లుతుంది కాబట్టి తక్కువ వేగంలోనే గుండెకు, ఊపిరితిత్తులకు చాలినంత పని దొరుకుతుంది. గతుకులు, కంకర ఉన్నచోట బ్యాలెన్స్ కోసం నడుము, వీపు, పొట్ట కండరాలు క్షణక్షణం సర్దుకోవాల్సి ఉంటుంది. అయితే ఆ కుదుపులు అందరికీ మంచివి కావు. మెడ, నడుము డిస్క్ సమస్య ఉన్నవాళ్ళు, ఎముకలు బాగా పలచబడినవాళ్ళు చదునైన దారినే ఎంచుకోవాలి.

అజ్ఞాతంలో, జైల్లో

సుందరయ్య జీవితంలో చాలా ఏళ్ళు పోలీసుల కంట పడకుండానే గడిచాయి. రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు ఒకసారి, తెలంగాణ సాయుధ పోరాట కాలంలో మరోసారి అజ్ఞాతంలో ఉన్నారు. 1943లో బొంబాయిలో లీలగారిని పెళ్ళి చేసుకున్నారు. ఇద్దరూ పిల్లలు వద్దనుకుని ఉద్యమానికే అంకితమయ్యారు. వేళకు తిండి, నిద్ర దొరికే బతుకు కాదది. ఇంత కదలిక ఉన్నా, ఇంత నియమం ఉన్నా అనారోగ్యం ఆయన్నూ వదల్లేదు. సైకిల్ తొక్కితే ఏ జబ్బూ రాదని నేను చెప్పను. ఎవరు చెప్పినా నమ్మకండి. వచ్చే అవకాశాన్ని అది తగ్గిస్తుంది, వచ్చినదాన్ని తట్టుకునే శక్తిని పెంచుతుంది. మందులకు తోడు నిలిచే మరో మందు అది.

ఢిల్లీలో సైకిలు, లండన్‌లో బస్సు

ఆయన ఢిల్లీలో సైకిల్ మీద పార్లమెంటుకు వెళ్తున్న ఆ ఏళ్ళలోనే వైద్యశాస్త్రం ఒక పెద్ద మలుపు తీసుకుంది. లండన్‌లో జెర్రీ మోరిస్ అనే డాక్టర్ అక్కడి రెండంతస్తుల బస్సుల సిబ్బందిని పరిశీలించారు. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు రోజుకు కొన్ని వందల మెట్లు ఎక్కి దిగుతాడు. ఇద్దరిదీ ఒకే బస్సు, ఒకే ఊరు, దాదాపు ఒకే జీతం. అయినా కండక్టర్లకు గుండెపోట్లు తక్కువగా వచ్చాయి, వచ్చినా అంత తీవ్రంగా లేవు. 1953లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆ పరిశోధన తర్వాతే కదలకుండా కూర్చోవడం గుండెకు చేటు అనే మాట వైద్యుల నోట గట్టిగా వినబడడం మొదలైంది.

1955లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు గుండెపోటు వచ్చింది. అప్పట్లో గుండెపోటు వస్తే వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు. ఆయనకు సలహాలిచ్చిన గుండె వైద్యుడు పాల్ డడ్లీ వైట్ మాత్రం మెల్లగా లేచి నడవడాన్ని, తిరిగి పనిలోకి వెళ్ళడాన్ని ప్రోత్సహించారు. వైట్ స్వయంగా సైకిల్ తొక్కేవారు, సైకిళ్ళకు ప్రత్యేక బాటలు కావాలని ఊరూరా చెప్పేవారు. బోస్టన్‌లో చార్లెస్ నది ఒడ్డున ఉన్న సైకిల్ బాటకు ఆయన పేరే పెట్టారు. అదే 1955లో సుందరయ్య రాజ్యసభ వదిలి గన్నవరం నుంచి శాసనసభకు వచ్చారు. సైకిల్ కూడా రాష్ట్రానికి వచ్చింది.

గుండెతో పాటు షుగర్ సంగతీ చెప్పాలి. తొడలు, పిరుదుల కండరాలు ఒంట్లో అన్నిటికంటే పెద్దవి. పెడల్ తొక్కేటప్పుడు పనిచేసేవి అవే. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ సాయం పెద్దగా లేకుండానే రక్తంలోని గ్లూకోజ్‌ను లాక్కుంటుంది. తొక్కడం ఆపాక కూడా కొన్ని గంటల పాటు ఇన్సులిన్ మాట బాగా వింటుంది. పైగా ఒంటి బరువు సీటు మీద ఉంటుంది కాబట్టి మోకాళ్ళ మీద పెద్దగా భారం పడదు. మోకాళ్ళ నొప్పితో నడవలేకపోతున్నామనే లావు మనుషులకు నేను తరచూ సైకిల్ సూచించడానికి కారణం ఇదే.

యాకుత్‌పురా నుంచి అసెంబ్లీకి

1956 తర్వాత సుందరయ్య రంగస్థలం హైదరాబాదే. 1962లో మళ్ళీ గన్నవరం నుంచి గెలిచారు. 1964లో కమ్యూనిస్టు పార్టీ చీలినప్పుడు మార్క్సిస్టు పార్టీకి మొదటి ప్రధాన కార్యదర్శి అయ్యారు. 1978లో మరోసారి గన్నవరం ఆయన్ను శాసనసభకు పంపింది. అప్పటికి ఆయన వయసు అరవై నాలుగు.

ఆ రోజుల హైదరాబాద్ సైకిళ్ళ ఊరు. పాతబస్తీలో కిరాయి సైకిళ్ళ దుకాణం లేని బజారు ఉండేది కాదు. గంటకు ఇంతని ఇచ్చి తీసుకెళ్ళేవారు. ఫ్రేము సందులోంచి కాలు పెట్టి తొక్కడం నేర్చుకున్న తరం ఇంకా మన మధ్యే ఉంది. యాకుత్‌పురా నుంచి అసెంబ్లీ ఆరేడు కిలోమీటర్లు. మామూలు మనిషి తీరిగ్గా తొక్కినా అరగంట చాలు. ట్రాఫిక్ బాగా ఉన్న వేళ బండి మీద కూడా దాదాపు అంతే పడుతుంది.

ఇవాళ యాకుత్‌పురా నుంచి, ఆ చుట్టుపక్కల డబీర్‌పురా, తలాబ్‌కట్ట, మాదన్నపేట నుంచి ఆసుపత్రికి వచ్చే వాళ్ళలో చాలామందివి కూర్చుని చేసే పనులు. జర్దోజీ మగ్గం ముందు గంటల తరబడి వంగి కుట్టేవాళ్ళు, ఆటో నడిపేవాళ్ళు, దుకాణంలో గల్లా దగ్గర కూర్చునేవాళ్ళు. నలభై దాటకముందే షుగర్, బీపీ రెండూ పట్టుకున్న వాళ్ళు ఎందరో. నడవమంటే గల్లీల్లో చోటు లేదంటారు, అందులో అబద్ధం లేదు. సైకిల్ అంటే మాత్రం నవ్వుతారు. బండి కొనలేనివాడు తొక్కేది సైకిల్ అనే చిన్నచూపు మనలో ఎప్పుడో నాటుకుపోయింది. సంపాదన పెరిగిందని చూపించడానికి మొదట వదిలేసింది సైకిల్‌నే. కిస్తీల మీద బండి వచ్చింది, దాంతోపాటు పొట్టా వచ్చింది.

సుందరయ్య మాట ఇక్కడ ఎందుకంటే, ఆయనకు కారు ఎక్కే అర్హత, అవకాశం రెండూ ఉన్నాయి. పార్లమెంటు సభ్యుడు, శాసనసభ్యుడు, ఒక జాతీయ పార్టీకి ప్రధాన కార్యదర్శి. ఆయన సైకిల్ ఎక్కడం వల్ల ఆయన గౌరవం ఇసుమంతైనా తగ్గలేదు. ఈ సంగతి నేను పేషెంట్లకు చెబుతుంటాను. కొందరికి ఆయన పేరు తెలుసు, కుర్రవాళ్ళకు తెలియదు. ఎమ్మెల్యే సైకిల్ మీద అసెంబ్లీకి వెళ్ళాడంటే మాత్రం అందరూ ఒక్క క్షణం ఆగి వింటారు.

దారేది?

చిన్నచూపు ఒక్కటే అడ్డంకి అనుకుంటే పొరపాటు. భయం కూడా ఉంది, అది నిజమైన భయమే. 2023లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభించారు. మంచి పనే. కానీ అది నగరానికి పడమటి అంచున ఉంది. యాకుత్‌పురా మనిషి అక్కడిదాకా సైకిల్ చేర్చాలంటే కారు కావాలి. ఇంటి నుంచి పనికి, బజారుకు, బడికి వెళ్ళే దారుల్లో సైకిల్‌కు చోటు దొరికితేనే పాతబస్తీ ఆరోగ్యం మారుతుంది. ఇది డాక్టర్ల చీటీతో అయ్యే పని కాదు, పట్టణ ప్రణాళికతో అయ్యే పని. అడగాల్సింది మనమే.

అప్పటిదాకా ఏం చేయాలి? ఖాళీ దారి దొరకనప్పుడు ఖాళీ వేళను వెతుక్కోవచ్చు. పాతబస్తీ రాత్రి పొద్దుపోయేదాకా మేలుకుని ఉదయం ఆలస్యంగా లేస్తుంది. ఫజర్ నమాజు తర్వాత తెల్లారి వెలుతురు వచ్చినప్పటి నుంచి బడి ఆటోలు బయల్దేరే దాకా గల్లీలు దాదాపు ఖాళీ. ఆ గంటే మన కాలువ గట్టు. ఊళ్ళలో ఉన్నవాళ్ళు మరీ అదృష్టవంతులు. చెరువు కట్ట, కాలువ గట్టు, పొలాల మధ్య మొరం బాట ఇంటి ముందే ఉంటాయి. గట్టు తెగి జారుడుగా ఉన్నచోట, వానల్లో మాత్రం దిగి నడవండి.

వెలోసియో నియమాలు

సుందరయ్య కాలేజీ వదిలిన 1930లోనే ఫ్రాన్స్‌లో డెబ్బై ఆరేళ్ళ పాల్ ద వివీ చనిపోయారు. సెయింట్ ఎతియెన్ అనే ఊళ్ళో పట్టు వ్యాపారం చేసి, తర్వాత సైకిళ్ళలోకి దిగి, వెలోసియో అనే కలం పేరుతో సైకిల్ పత్రిక నడిపిన మనిషి. కొండదారుల్లో తేలిగ్గా తొక్కడానికి గేర్లు కావాలని జీవితాంతం వాదించారు. దూరాలు తొక్కేవాళ్ళ కోసం ఆయన పెట్టిన నియమాలు ఇప్పటికీ చలామణిలో ఉన్నాయి. వాటి సారం చూస్తే ఓపీలో మేం చెప్పే మాటల్లాగే ఉంటాయి. ఆకలి వేయకముందే కొంచెం తినాలి, దాహం వేయకముందే తాగాలి. ఆకలి, నిద్ర చెడిపోయేంతగా అలిసిపోకూడదు. చలి పట్టకముందే బట్ట కప్పుకోవాలి. దారిలో మద్యం, పొగాకు, మాంసం మానాలి. మొదటి గంటల్లో ఉత్సాహంతో శక్తినంతా పోగొట్టుకోకూడదు. ఎవరికో చూపించడానికి తొక్కకూడదు.

చివరి నియమం దగ్గర ఆ ఫ్రెంచి వ్యాపారి, మన సుందరయ్య కలుస్తారు. ఇవాళ సైకిల్ మళ్ళీ ఫ్యాషన్ అయింది. లక్షల ఖరీదు సైకిల్, దానికి తగ్గ బట్టలు, వారం వారం ఫోటోలు. పెట్టగలిగితే పెట్టుకోండి, తప్పు లేదు. కానీ కండరానికి సైకిల్ ఖరీదు తెలియదు. ఇంటి మూలన తుప్పు పట్టిన పాత సైకిల్‌కు బ్రేకులు, టైర్లు మార్పిస్తే అదే పని చేస్తుంది.

మొదలుపెట్టే ముందు

• పెద్దవాళ్ళకు వారానికి కనీసం 150 నిమిషాల మధ్యస్థాయి వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు తొక్కితే సరిపోతుంది. మొదటి వారం పది నిమిషాలతో మొదలుపెట్టండి. తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి. అదే సరైన వేగం.

• సీటు ఎత్తు ముఖ్యం. పెడల్ కింది దాకా వెళ్ళినప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాలు నొప్పి ఖాయం.

• ఇన్సులిన్ లేదా షుగర్ బాగా తగ్గించే మాత్రలు వాడేవాళ్ళు పరగడుపున ఎక్కువసేపు తొక్కకండి. జేబులో గ్లూకోజ్ పొడి గానీ చక్కెర గానీ ఉంచుకోండి. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం అనిపిస్తే వెంటనే దిగి అది తీసుకోండి. చెప్పులతో కాకుండా బూట్లతో తొక్కండి. ఇంటికొచ్చాక పాదాలు చూసుకోండి.

• గుండెపోటు వచ్చినవాళ్ళు, స్టెంట్ వేయించుకున్నవాళ్ళు, షుగర్ వల్ల కంటి రెటీనా దెబ్బతిన్నవాళ్ళు ముందు డాక్టర్‌ను అడగండి. తొక్కుతున్నప్పుడు ఛాతీ పట్టేసినా, నొప్పి దవడకో చేతికో పాకినా, ఎన్నడూ లేని ఆయాసం వచ్చినా వెంటనే ఆగండి. తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి.

• ఆస్తమా ఉన్నవాళ్ళు పొగ ఎక్కువగా ఉండే పెద్ద రోడ్లు వదిలి లోపలి దారులు ఎంచుకోండి. ఇన్‌హేలర్ వెంట ఉండాలి.

• మట్టి, కంకర బాటల మీద టైర్లలో గాలి మరీ బిగుతుగా ఉండనివ్వకండి. హ్యాండిల్ గట్టిగా పట్టి ఉంచితే చేతివేళ్ళు తిమ్మిరెక్కుతాయి. పట్టు వదులు చేయండి, అప్పుడప్పుడూ చేతుల స్థానం మార్చండి. ముందు బ్రేకు ఒక్కసారిగా నొక్కకండి.

• హెల్మెట్, వెనక ఎర్ర లైటు, బెల్లు తప్పనిసరి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు వద్దు.

• ఇంట్లో ఆడవాళ్ళ కోసం కూడా ఒక లేడీస్ సైకిల్ బాగు చేయించండి. షుగర్, మోకాళ్ళ నొప్పులు వాళ్ళకూ ఉన్నాయి.

మిగిలిన పేరు

సుందరయ్య 1985 మే 19న, డెబ్బై రెండేళ్ళ వయసులో కన్నుమూశారు. ఆయన జీవితకథను విప్లవ పథంలో నా పయనం అనే పుస్తకంలో చదవవచ్చు. హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో ఆయన పేరుతో ఒక విజ్ఞాన కేంద్రం ఉంది, అక్కడే ఒక పార్కు కూడా ఉంది. ఆ పార్కులో రోజూ పొద్దున్నే నడిచేవాళ్ళలో షుగర్ ఉన్నవాళ్ళుంటారు, రాకుండా చూసుకుంటున్నవాళ్ళుంటారు. చాలామంది అక్కడిదాకా బండి మీదే వస్తారు. ఇల్లు దగ్గరే ఉన్నవాళ్ళు రేపటి నుంచి ఆ బండిని ఇంట్లో వదిలి సైకిల్ మీద వచ్చి చూడండి.